లాగ్ క్యాబిన్ బొమ్మ ఉన్న ఆ కాగితం నిజంగా 1840 నాటిదేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో రెండు వస్తువులు కొన్నారు. ఒకటి కాఫీ రంగు కాగితం. దాని మీద దుంగల ఇల్లు (లాగ్ క్యాబిన్ అంటే అదే), పక్కన పీపా, పైన జెండా, కింద విలియం హెన్రీ హ్యారిసన్ పేరు. రెండోది చుట్టూ నల్ల అంచు ఉన్న సిల్కు రిబ్బను, దాని మీద అదే హ్యారిసన్ ముఖం. కాగితం 1840 అధ్యక్ష ఎన్నికల ప్రచారానిదని చెప్పి అమ్మారు, రిబ్బను ఊరికే చేతిలో పెట్టారు. కాగితానికి ఫ్రేము కట్టించాలా, రిబ్బను పారెయ్యాలా, అసలు ఫోటోలు లేని ఆ రోజుల్లో బొమ్మల ప్రచారం ఎలా చేసేవారు, రంగు బొమ్మలు ఎలా వేసేవారు అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. కాగితం తర్వాతెప్పుడో వేసిన నకలు. రిబ్బను పారెయ్యకండి. ఫోటోల్లో చూసినంతవరకు అది అసలు వస్తువులాగే ఉంది. కాకపోతే ప్రచారానిది కాదు. హ్యారిసన్ 1841 ఏప్రిల్ 4న చనిపోయాడు, అధ్యక్ష పదవిలోకి వచ్చి సరిగ్గా నెల రోజులకి. అప్పుడు సంతాపంగా ఛాతీకి పెట్టుకున్న రిబ్బన్లకే ఆ నల్ల అంచు ఉండేది. మీకు అమ్మినాయన విలువైనదాన్ని ఊరికే ఇచ్చి, నకలుకి డబ్బు తీసుకున్నాడు. కావాలని చేశాడనుకోను. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, ఎందుకంటే అందరూ బొమ్మలో ఎవరున్నారో చూస్తారు. నేను ముందు అది ఎలా అచ్చయిందో చూస్తాను.

ఆ అలవాటు నాకు ఇంటి నుంచి వచ్చింది. మాది తెనాలిలో చిన్న ప్రెస్సు. నాన్న ట్రెడిల్ మిషన్ మీద శుభలేఖలు, సినిమా కరపత్రాలు వేసేవారు. ఎన్నికలొస్తే పార్టీ గుర్తుల బ్లాకులు, నమూనా బ్యాలెట్ కాగితాలు. అక్షరాలు పేర్చడం నాకు పదేళ్లప్పుడే వచ్చు. అమెరికా వచ్చాక చేసేది వేరే ఉద్యోగమే గానీ, ఇరవై ఏళ్లుగా పాత ఎన్నికల కాగితాలు సేకరిస్తున్నాను. ఒక చిన్న కౌంటీ చరిత్ర సంఘానికి శనివారాలు వెళ్లి, వాళ్ల పెట్టెల్లో ఉన్నవాటికి జాబితా రాసిపెడుతున్నాను.

మీ కాగితం సంగతి. మీరే రాశారు, ఫోన్‌లో జూమ్ చేస్తే బూడిద రంగు భాగాలన్నీ చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తున్నాయని. అక్కడితో అయిపోయింది. వరసగా ఉండే ఆ చుక్కలు హాఫ్‌టోన్ పద్ధతివి. అది వ్యాపార స్థాయిలో వచ్చింది 1880ల తర్వాతే. 1840లో నీడ కావాలంటే చెక్క మీద గీతలు దగ్గర దగ్గరగా చెక్కాలి, లేదంటే రాయి మీద క్రేయాన్‌తో రుద్దాలి. చుక్కల జాలీ అనేదే లేదు.

ఇంకొక సంగతి ఆ కాఫీ రంగు. పాత కాగితమంటే గోధుమ రంగులో, అప్పడంలా పెళపెళలాడాలని మనకో నమ్మకం. నిజానికి 1840 నాటి కాగితం పాత గుడ్డపేలికల గుజ్జుతో చేసేవారు. మంచిగా దాచినది ఈరోజుకీ మెత్తగా, మడిస్తే విరగకుండా ఉంటుంది. మచ్చలుంటాయి, అది వేరు. పట్టుకుంటే విరిగిపోయేది కలప గుజ్జు కాగితం, అది చాలా తర్వాత వచ్చింది. మ్యూజియం దుకాణాల్లో పాతదానిలా కనపడేలా రంగు వేసి, ముడతలు తెప్పించి అమ్మే కాగితాలు కూడా ఉంటాయి. మీది ఆ జాతే అనుకుంటున్నాను.

అయితే ఒక హెచ్చరిక. చుక్కలు లేనంత మాత్రాన అసలుది అయిపోదు. చెక్క బ్లాకు బొమ్మలో ఉండేవి నలుపు తెలుపులే కాబట్టి, దాన్ని ఆఫ్‌సెట్‌లో (కాగితాన్ని నొక్కకుండా వేసే తర్వాతి కాలపు అచ్చు పద్ధతి) చుక్కలు లేకుండానే తిరిగి వెయ్యొచ్చు. అప్పుడు చూడాల్సింది కాగితం వెనక వైపు. బ్లాకు, సీసం అక్షరాలు కాగితాన్ని నొక్కుతాయి. వెనక్కి తిప్పి వేలితో మెల్లగా తడిమితే అక్షరం దిగిన గుర్తు తెలుస్తుంది. పక్కనుంచి టార్చి వెలుతురు వేస్తే కంటికే కనిపిస్తుంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే సిరా గీత అంచులకి నెట్టుకుపోయి, అంచు కాస్త చిక్కగా, మధ్య కాస్త పలచగా ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో ఇవేవీ ఉండవు. మా నాన్న కళ్లు మూసుకుని వేలితో చెప్పేవారు, ఇది మిషన్ ఒత్తిడి ఎక్కువైన ఫారం (అక్షరాలు పేర్చి బిగించిన చట్రం) అని.

ఇక మీ అసలు ప్రశ్న, అప్పట్లో బొమ్మలతో ప్రచారం ఎలా చేసేవారని.

మొదటి ఎన్నికల్లో దాదాపు లేదనే చెప్పాలి. 1789లో వాషింగ్టన్ పేరుతో వచ్చిన ఇత్తడి, రాగి గుండీలు ప్రమాణ స్వీకారం సంబరానివి, ఓట్లు అడిగినవి కావు. 1800 నాటికి కూడా ఎక్కువ రాష్ట్రాల్లో ఎలక్టర్లను, అంటే అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులను, ఎన్నుకునేది శాసనసభలే. జనం ఓటే వెయ్యనప్పుడు జనానికి బొమ్మ చూపించి ఏం లాభం? అప్పుడొచ్చిన బొమ్మలు రాగి రేకు మీద చెక్కినవి, చదువుకున్నవాళ్లు చూసి నవ్వుకోవడానికో తిట్టుకోవడానికో వేసినవి. అధ్యక్ష పదవికి పోటీపడ్డ జెఫర్సన్ మోకాళ్ల మీద కూర్చుని రాజ్యాంగాన్ని ఫ్రెంచి నిరంకుశత్వపు బలిపీఠం మీద కాల్చబోతుంటే గద్ద వచ్చి లాక్కుంటున్న బొమ్మ ఒకటుంది. 1804 ప్రాంతంలో జేమ్స్ ఏకిన్ అనే ఆయన జెఫర్సన్‌ని కోడిపుంజుగా, ఆయన బానిస శాలీ హెమింగ్స్‌ని కోడిపెట్టగా గీశాడు. రాగి రేకుకి వేరే ప్రెస్సు కావాలి, అక్షరాలతో కలిపి వెయ్యడం కుదరదు, ఒక్కో కాపీకి సమయం ఎక్కువ. అందుకే అవి కొద్దిమందికే చేరాయి.

1828కి వచ్చేసరికి డెలావేర్, సౌత్ కరోలినా తప్ప అన్ని చోట్లా ఎలక్టర్లను జనమే ఎన్నుకుంటున్నారు. వెంటనే బొమ్మ మారిపోయింది. రాగి పోయి చెక్క వచ్చింది.

చెక్క బ్లాకు గొప్పతనం ఏమిటంటే దాని ఎత్తు సీసం అక్షరం ఎత్తుకి సమానంగా ఉంటుంది. అక్షరాలతో పాటే ఫారంలో బిగించి, ఒకే దెబ్బకి బొమ్మా మాటా వెయ్యొచ్చు. ఏ ఊళ్లో ఏ చిన్న ప్రెస్సైనా చాలు. దీని అసలు బలం చూడాలంటే శవపేటికల కరపత్రం చూడాలి. ఫిలడెల్ఫియాలో పత్రిక నడిపే జాన్ బిన్స్ 1828లో అధ్యక్ష అభ్యర్థి ఆండ్రూ జాక్సన్‌కి వ్యతిరేకంగా వేశాడు. పైన వరసగా ఆరు నల్లటి శవపేటికలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. న్యూ ఆర్లీన్స్ యుద్ధం గెలిచిన నెలన్నర తర్వాత, 1815 ఫిబ్రవరి 21న, మొబిల్ దగ్గర జాక్సన్ ఆదేశం మీద కాల్చి చంపిన ఆరుగురు మిలీషియా సైనికులు వాళ్లు. మా గడువు అయిపోయిందని ఇంటికి బయలుదేరడం వాళ్ల నేరం. కింద జాక్సన్ మిగతా గొడవల కథలు, కత్తికర్రతో ఒకతన్ని పొడుస్తున్న బొమ్మ.

దీన్ని నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు అనిపించింది, ఇందులో చిత్రకారుడి పని ఎంతో లేదని. శవపేటికంటే నల్లటి దిమ్మ, అంతే. కానీ అది చూసినవాళ్లకి వెంటనే అర్థమైంది, ఎందుకంటే చావు వార్తలకి, ఉరిశిక్షల కాగితాలకి శవపేటిక బొమ్మ వెయ్యడం అక్కడ పాత ఆనవాయితీ. 1770లో బోస్టన్ కాల్పుల్లో చనిపోయినవాళ్లకి పాల్ రివియర్ చెక్కిన శవపేటికలు పత్రికలో వచ్చాయి. బిన్స్ కొత్త బొమ్మ కనిపెట్టలేదు, జనం కళ్లకి అలవాటైనదాన్ని ఎన్నికల్లోకి తెచ్చాడు. దీనికి రకరకాల కూర్పులున్నాయి, ఆరు కంటే చాలా ఎక్కువ పేటికలున్నవి కూడా. కాబట్టి ఇంకో కాపీతో పేటికల లెక్క కలవలేదని నకలు అనుకోకూడదు. ఇంత చేసినా జాక్సన్ 178 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు, ప్రత్యర్థి ఆడమ్స్‌కి వచ్చినవి 83.

జాక్సన్ జాతీయ బ్యాంకు అనుమతిని పొడిగించే బిల్లుని 1832లో వీటో చేశాక మరో బొమ్మ వచ్చింది. తల మీద కిరీటం, చేతిలో వీటో కాగితం, కాళ్ల కింద చిరిగిన రాజ్యాంగం. ఆండ్రూ ది ఫస్ట్ అనే రాజు. ఎవరు గీశారో పేరు లేదు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి దాని నకళ్లు కూడా బోలెడు. ఎక్కడైనా కనబడితే ముందు అనుమానించండి.

ఇక 1840. మీ బొమ్మ కథ ఇక్కడిదే. 1839 డిసెంబరులో బాల్టిమోర్‌లోని ఒక డెమోక్రాట్ పత్రిక హ్యారిసన్‌ని వెక్కిరించింది. ఆ ముసలాయనకి ఒక పీపా హార్డ్ సైడర్ ఇచ్చి, ఏడాదికి రెండు వేల డాలర్ల పింఛను పడేస్తే, మిగతా జీవితం దుంగల ఇంట్లో కూర్చుని గడిపేస్తాడని. హార్డ్ సైడర్ అంటే పులిసిన యాపిల్ రసం, మన పల్లెల్లో కల్లు లాంటిది అనుకోండి. హ్యారిసన్ తరఫు విగ్ పార్టీవాళ్లు కోపం తెచ్చుకోలేదు. అవును, మా మనిషి దుంగల ఇంటివాడే, మీ ప్రెసిడెంటు వాన్ బ్యూరెన్‌లా వైట్‌హౌస్‌లో షాంపేన్ తాగేవాడు కాదు అని తిప్పి కొట్టారు. నిజానికి హ్యారిసన్ పుట్టింది వర్జీనియాలోని బర్క్‌లీ ఎస్టేటులో, ఇటుకల మేడలో. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఒహాయోలో ఆయన ఉంటున్న పెద్ద ఇంట్లో ఒక మూల పాత దుంగల గది ఉన్నమాట మాత్రం నిజం. ఆ మూలనే దేశమంతా అచ్చేశారు.

అచ్చేశారంటే మామూలుగా కాదు. కరపత్రాలు, పంచాంగాల్లాంటి ఆల్మనాక్‌లు, పాటల పుస్తకాల అట్టలు, సిల్కు రిబ్బన్లు, ఆఖరికి గాజు పళ్లేలు, అన్నిటి మీదా అదే ఇల్లు, అదే పీపా. విగ్ పార్టీ వైపున్న సంపాదకుడు హొరేస్ గ్రీలీ లాగ్ క్యాబిన్ పేరుతోనే ఒక వారపత్రిక పెట్టాడు. 1840 మే నెలలో మొదలై 80 వేల కాపీల దాకా వెళ్లింది. విగ్గుల వైపే డేవిడ్ క్లేపూల్ జాన్‌స్టన్ గీసిన ఒక చిన్న కార్డు నాకు చాలా ఇష్టం. వాన్ బ్యూరెన్ షాంపేన్ గ్లాసు పట్టుకుని నవ్వుతుంటాడు. కింద కాగితపు నాలుక లాగితే చేతిలోది హార్డ్ సైడర్ ముంత అయిపోతుంది, మొహం వికారంగా మారిపోతుంది. చదువు రానివాడు కూడా ఒక్కసారి లాగితే రాజకీయం అర్థమైపోతుంది. ఆ ఎన్నికల్లో ఓటున్నవాళ్లలో దాదాపు 80 శాతం మంది ఓటేశారు, హ్యారిసన్ 234–60తో గెలిచాడు. అయితే అంతా బొమ్మల మహిమే అనుకోకండి. 1837లో మొదలైన ఆర్థిక సంక్షోభం అప్పటికింకా జనాన్ని పీడిస్తూనే ఉంది.

ఇక్కడ మీ రిబ్బను. 1840 ప్రచార రిబ్బన్ల మీద సాధారణంగా దుంగల ఇల్లో, టిప్పెకనూ (హ్యారిసన్ గెలిచిన యుద్ధం) యుద్ధవీరుడన్న మాటో, లేదా ఒక సభ పేరు, తేదీ ఉంటాయి. ఉదాహరణకి 1840 సెప్టెంబరు 10న బంకర్ హిల్ దగ్గర జరిగిన విగ్ మహాసభ. మీ దాంట్లో ఇల్లు లేదు, నల్ల అంచుంది, ముఖం కింద రెండు తేదీలున్నాయి. అవి పుట్టిన, పోయిన తేదీలయ్యుంటాయి. ప్రెసిడెంటు బొమ్మ ఉన్న ప్రతి రిబ్బనూ ఎన్నికలది కాదు. 1824లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ పర్యటనకి వేసినవి, 1832లో వాషింగ్టన్ శతజయంతికి వేసినవి, 1845లో జాక్సన్ చనిపోతే వేసినవి, అన్నీ ఒకేలా ఉంటాయి. దుకాణాల్లో అన్నిటికీ ప్రచారం అని చీటీ అతికిస్తారు.

రంగు బొమ్మల గురించి కూడా అడిగారు. అవి లిథోలు, అంటే రాతి అచ్చు. జిడ్డు క్రేయాన్‌తో సున్నపురాయి మీద గీస్తే, తడి చేసినప్పుడు గీసినచోట మాత్రమే సిరా అంటుతుంది. చెక్కడం లేదు కాబట్టి త్వరగా అయిపోతుంది, పెన్సిలుతో గీసినట్టు మెత్తగా వస్తుంది. న్యూయార్క్‌లో నథానియల్ కరియర్ 1830ల మధ్యలో సొంత వ్యాపారం మొదలుపెట్టాడు, 1857లో జేమ్స్ ఐవ్స్ భాగస్వామి అయ్యాడు. 1844 నుంచి వాళ్లు ప్రతి ఎన్నికకీ బ్యానర్లు వేశారు. రెండు గుండ్రటి చట్రాల్లో ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు అభ్యర్థులు, పైన గద్ద, చుట్టూ జెండాలు. రెండు మూడు పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది. విగ్గులకీ డెమోక్రాట్లకీ నమూనా ఒకటే, తలకాయలూ నినాదాలూ మాత్రమే మారతాయి. 1848లో మూడో పార్టీ ఫ్రీ సాయిల్‌కీ ఒకటి వేశారు. అదే ఏడాది, అదే షాపు, విగ్ అభ్యర్థిని పుర్రెల గుట్ట మీద నెత్తుటి కత్తితో కూర్చున్న సైనికుడిగా చూపించే బొమ్మా అమ్మింది. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకీ వేసే మన ప్రెస్సువాళ్లు గుర్తొచ్చారు నాకు. నాన్న కూడా పొద్దున ఒక పార్టీది, సాయంత్రం ఇంకో పార్టీది వేసేవారు. పాత బాకీ తీర్చనివాళ్లవి మాత్రం వెయ్యనని కూర్చునేవారు.

రంగులు చేత్తో అద్దినవే. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసి పక్కకి జరిపేవారు. అందుకే అసలు కాపీలో ఎరుపు గీత దాటి కాస్త బయటికి వస్తుంది, రెండు కాపీలు అచ్చం ఒకేలా ఉండవు. భూతద్దంలో రంగు కూడా చుక్కలుగా కనిపిస్తే క్యాలెండర్ నుంచి కోసిన పేజీ అన్నమాట.

బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో కాంగ్రెసు చట్టం ప్రకారం ఫలానా ఏడాది ఫలానా జిల్లా కోర్టు క్లర్కు ఆఫీసులో నమోదైందని ఒక కాపీరైటు వాక్యం ఉంటుంది. 1870 దాకా ఆ పద్ధతి, ఆ తర్వాత నమోదు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకి మారింది. అది నమోదు సంవత్సరమే, అచ్చైన సంవత్సరం కాదు. నకలు వేసేవాడు ఆ వాక్యాన్నీ కలిపే వేస్తాడని మర్చిపోకండి.

నేను స్వయంగా దెబ్బతిన్నది లింకన్ గడ్డం దగ్గర. కొత్తలో, గడ్డమున్న లింకన్ ప్రింటు ఒకటి 1860 ప్రచారానిదని నమ్మి కొన్నాను. కాగితం పాతదే, లిథో నిజమే, భూతద్దం పరీక్షలన్నీ నెగ్గింది. ఇంటికొచ్చి ఫ్రేము కట్టించాక బుర్ర వెలిగింది. 1860 ఎన్నికల్లో లింకన్‌కి గడ్డమే లేదు. ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ ఉపన్యాసం రోజు మాథ్యూ బ్రాడీ తీసిన ఫోటో నుంచే చాలా ప్రచార బొమ్మలు చెక్కారు, అందులో గడ్డం లేని నున్నటి ముఖమే. గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పిల్ల గడ్డం పెంచితే బాగుంటారని ఉత్తరం రాసింది అక్టోబరు 15న, ఆయన పెంచింది గెలిచాక. ప్రింటర్లు పాత బొమ్మలకే గడ్డం అతికించి మళ్లీ అమ్ముకున్నారు. నాది అలాంటిదే. ఇంతకంటే విచిత్రం, బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన కాల్హూన్ శరీరం మీద లింకన్ తల పెట్టి వేసిన ప్రింటు కూడా ఉంది. ఆ గడ్డం ఫ్రేము ఇప్పటికీ మా హాల్లోనే ఉంది, మా ఆవిడ తియ్యనివ్వదు.

1860 కార్టూన్ల గురించి ఒక మాట. గీత బాగుంటుంది, కానీ నల్లజాతివాళ్లని అందులో చూపించిన తీరు చాలా నీచం. లింకన్‌ని ఒక దుంగ మీద కూర్చోబెట్టి, ఒక నల్లజాతి మనిషీ గ్రీలీ మోస్తున్న కార్టూన్ ఆ ఏడాది కరియర్ అండ్ ఐవ్స్ అమ్మింది. పిల్లలున్న ఇంట్లో గోడకి తగిలించేముందు అందులో ఏముందో పూర్తిగా చదవండి.

అన్నిటికంటే తక్కువమంది పట్టించుకునేవి ఓటు టికెట్లు. నాకు మాత్రం అవే ముద్దు. 1888 తర్వాత మెల్లగా ప్రభుత్వ బ్యాలెట్ వచ్చేదాకా, ఓటు కాగితం పార్టీలే అచ్చేసుకునేవి. ఎలక్టర్ల పేర్ల జాబితా, పైన గద్దో ఓడో అభ్యర్థి ముఖమో. కొన్నిటికి రంగు కాగితం, దూరం నుంచి చూసినా ఎవరికి వేస్తున్నావో తెలిసిపోయేలా. ఓటరు పార్టీ మనిషి దగ్గర తీసుకుని పెట్టెలో వెయ్యడమే. నచ్చని పేరుంటే కొట్టేసి పక్కన రాసుకునేవారు. ఆ గద్దలు టైపు ఫౌండ్రీలు అమ్మే రెడీమేడ్ బ్లాకులు. మా సంఘం పెట్టెలో ఒక పాత లెక్కల పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టిన టికెట్ దొరికింది, ఎడమ రెక్కలో సన్న పగులున్న గద్దతో. అదే పగులు గద్ద అదే ఊరి గుర్రపు జీన్ల దుకాణం ప్రకటన మీద కూడా ఉంది. ఒకే ప్రెస్సు, ఒకే బ్లాకు. అప్పటిదాకా ప్రెస్సు పేరు తెలియని ఆ టికెట్ ఎక్కడ అచ్చైందో అలా తేలింది.

ఇంకో చిన్న గుర్తు: మీరు వెతికే కాలంలో గాడిద, ఏనుగు కోసం చూడకండి. అవి స్థిరపడింది 1870లలో థామస్ నాస్ట్ కార్టూన్ల తర్వాతే. 1840లలో విగ్గులకి రాకూన్, డెమోక్రాట్లకి కోడిపుంజు.

రిబ్బనుకి చెయ్యాల్సినవి: ఇస్త్రీ చెయ్యొద్దు, ఉతకొద్దు, సెల్లోటేపు దగ్గరికి రానివ్వొద్దు. మడత దగ్గర పాత సిల్కు చిట్లిపోతుంది, కాబట్టి ఆమ్లం లేని కాగితం మీద చదునుగా పరిచి, వెలుతురు తగలని పెట్టెలో పెట్టండి. ధర నేను చెప్పను, ఫోటో చూసి చెప్పేవాళ్లని నమ్మకండి. పోల్చి చూసుకోవడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల స్కాన్‌లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కాగితం నకలైనా ఫ్రేము కట్టించుకోండి, బొమ్మ బాగుంది. వెనక చిన్న చీటీ మీద మాత్రం నకలు అని రాసిపెట్టండి, లేదంటే ఇరవై ఏళ్ల తర్వాత మీ పిల్లలు ఇంకెవరికో 1840 అని అమ్ముతారు. వీలైతే రిబ్బను వెనక వైపు, కింది అంచు దగ్గర సన్న అక్షరాలేమైనా ఉంటే అవీ పగటి వెలుతుర్లో ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. అచ్చేసినవాడి పేరు ఉంటే అక్కడే ఉంటుంది.